శ్రీలంకకు వారం రోజుల ట్రిప్: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీలంక వెళ్తున్నామని ఎవరైనా చెప్తే నేను ముందు అడిగేవి రెండే: ఏ నెలలో, ఎన్ని రాత్రులు. ఈ రెండూ తేలితే సగం ప్లాన్ అయిపోయినట్టే. దేశం చిన్నదే, 65,610 చదరపు కిలోమీటర్లు. చిన్నదే కదా అని అంతా చుట్టేద్దామనుకుంటే మాత్రం వారమంతా కారు సీట్లోనే గడిచిపోతుంది. స్నేహితులు, బంధువులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు నా జవాబులు ఇవి.

వారం రోజులు సరిపోతాయా?

దేశమంతా చూడటానికి సరిపోవు. ఒక మూల బాగా చూడటానికి హాయిగా సరిపోతాయి. ఏడు రోజులంటే ఆరు రాత్రులు. వచ్చే రోజు, వెళ్లే రోజు ప్రయాణాలకే పోతాయి కాబట్టి చేతిలో మిగిలేవి ఐదు రోజులు. దిగిన ప్రతి చోటా కనీసం రెండు రాత్రులు ఉండాలన్నది నా పట్టుదల. ఆ లెక్కన ఆరు రాత్రులకు మూడు ఊళ్లు. నాలుగోది కలిపారంటే రోజూ పొద్దున్నే సూట్‌కేసు సర్దుకోవడమే పని అవుతుంది.

ట్రావెల్ ఏజెంట్లు ఇచ్చే ప్యాకేజీలు చాలావరకు దీనికి ఉల్టాగా ఉంటాయి. ఐదు రాత్రులు, ఐదు హోటళ్లు, రోజుకు నాలుగు ‘పాయింట్లు’. కాగితం మీద నిండుగా కనిపిస్తుంది. ఒప్పుకునే ముందు ఒక్కో రోజు రోడ్డు మీద ఎన్ని గంటలు పోతుందో రాసి ఇవ్వమని అడగండి. ఆ అంకెలు చూశాక సగం పాయింట్లు మీరే కొట్టేస్తారు.

ఏ నెలలో వెళ్లాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఏ నెలలో వెళ్తున్నారన్నదాన్ని బట్టే ఏ తీరానికి వెళ్లాలో తేలుతుంది.

ఈ ద్వీపానికి రెండు రుతుపవనాలు. నైరుతి రుతుపవనాలు మే నుంచి సెప్టెంబరు దాకా పశ్చిమ, దక్షిణ తీరాలను, కొండల పడమటి వాలును తడిపేస్తాయి. ఆ నెలల్లో మిరిస్స, ఉనవటున, బెంతోట వైపు సముద్రం రేగి ఉంటుంది, ఈతకు పనికిరాదు. సరిగ్గా అప్పుడే తూర్పు తీరంలో త్రింకోమలి, పాసికుడా దగ్గర సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, ఎండ కాస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనాల వంతు. అప్పుడు తూర్పున వాన, దక్షిణాన ఎండ.

అందుకని డిసెంబరు నుంచి మార్చి చివరి దాకా అయితే కొండలు, దక్షిణ తీరం. మే నుంచి సెప్టెంబరు దాకా అయితే పెద్ద బండ మీది పాత కోట సిగిరియా, తూర్పు తీరం. వేసవి సెలవుల్లో మే నెలలో బయల్దేరే కుటుంబాలు అలవాటు కొద్దీ దక్షిణ తీరంలో బీచ్ హోటల్ బుక్ చేసి, వారమంతా గదిలోంచి వాన చూస్తూ కూర్చుంటుంటాయి. అదే హోటల్ తూర్పున తీసుకుంటే సరిపోయేది.

ఎల్ల వెళ్లాలనుకునే వాళ్లు ఇంకో సంగతి గమనించాలి. అది కొండల తూర్పు వాలులో ఉంది, కాబట్టి అక్టోబరు నుంచి జనవరి దాకా అక్కడ వాన ఎక్కువ. కొండలు, దక్షిణ తీరం రెండూ కలిసి రావాలంటే ఫిబ్రవరి, మార్చి మేలు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఏ మూలైనా వాన పడొచ్చు, పైగా బంగాళాఖాతంలో తుపానుల కాలం. తేదీలు మార్చుకునే వీలుంటే ఆ రెండు నెలలూ వదిలేయండి.

వీసా కావాలా?

బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. ఫీజు, నియమాలు తరచూ మారుతున్నాయి కాబట్టి టికెట్లు కొనే రోజే శ్రీలంక ప్రభుత్వ ఈటీఏ వెబ్‌సైట్‌లో చూసుకోండి. సెర్చ్‌లో పైన కనిపించే ప్రైవేటు సైట్లు అదే పనికి ఎక్కువ డబ్బులు గుంజుతాయి. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి, తిరుగు టికెట్ ప్రింటు చేతిలో ఉంచుకోవాలి.

సరే, ఏడు రోజుల ప్లాన్ ఒకటి చెప్పండి.

ఒకటి కాదు, రెండు చెప్తాను. మీ నెలను బట్టి ఎంచుకోండి.

డిసెంబరు నుంచి మార్చి దాకా అయితే: విమానాశ్రయం కొలంబోలో లేదు, ఉత్తరాన కటునాయకలో ఉంది. అక్కడి నుంచి నేరుగా క్యాండీ వెళ్లిపోండి, మూడు నాలుగు గంటలు పడుతుంది. క్యాండీలో రెండు రాత్రులు. మొదటి సాయంత్రం చెరువు గట్టున నడక, మర్నాడు పెరదెనియ బొటానికల్ గార్డెన్, సాయంత్రం 6.30 పూజకు బుద్ధుడి దంతం ఉన్న దంతధాతు ఆలయం. మూడో రోజు రైల్లో ఎల్ల. అక్కడ రెండు రాత్రులు: లిటిల్ ఆడమ్స్ పీక్, తొమ్మిది కమానుల వంతెన, ఒక టీ ఫ్యాక్టరీ. ఐదో రోజు కారులో కిందికి దిగి మిరిస్స గానీ గాల్ గానీ చేరుకోండి, దాదాపు నాలుగు గంటలు. అక్కడ రెండు రాత్రులు. చివరి రోజు గాల్ నుంచి విమానాశ్రయం దాకా ఎక్స్‌ప్రెస్‌వేనే, మూడు గంటల లోపు వచ్చేయొచ్చు.

మే నుంచి సెప్టెంబరు దాకా అయితే: విమానాశ్రయం నుంచి సిగిరియా, సుమారు నాలుగు గంటలు. రెండు రాత్రులు. అక్కడి నుంచి త్రింకోమలి రెండున్నర గంటలు, అక్కడ రెండు రాత్రులు. తర్వాత క్యాండీ, ఐదు గంటల దాకా పడుతుంది. దారిలో దంబుల్లా గుహాలయం దగ్గర ఆగితే ప్రయాణం రెండు ముక్కలవుతుంది. క్యాండీలో రెండు రాత్రులు ఉండి నేరుగా విమానాశ్రయానికి. త్రింకోమలిని చివర పెట్టకండి. అక్కడి నుంచి విమానాశ్రయం ఆరు గంటల దూరం, విమానం అందుకునే రోజు ఆ టెన్షన్ వద్దు.

మొదటి ప్లాన్‌లో సిగిరియా లేదేంటి? సిగిరియా చూడకుండా వచ్చేయాలా?

ఏడు రోజులే ఉంటే, అవును. ఈ జవాబు చాలామందికి నచ్చదని తెలుసు. సిగిరియా అద్భుతం, అందులో అనుమానం లేదు. కానీ ఉత్తరాన సిగిరియా, నడుమ కొండలు, దక్షిణాన సముద్రం మూడూ ఒకే వారంలో ఇరికిస్తే దేని దగ్గరా తీరిగ్గా కూర్చోలేరు. ఇంకో రెండు రోజులు దొరికితే మొదట్లోనే సిగిరియాకు రెండు రాత్రులు కలపండి, తర్వాత క్యాండీకి ఒక్క రాత్రి చాలు. రోజులు దొరక్కపోయినా సిగిరియా తప్పదనుకుంటే బీచ్ మానేయండి. రెండిట్లో ఏది వదులుకోవాలో ఇంట్లోనే తేల్చుకోండి, దారిలో కాదు.

ఐదు రోజులే సెలవు ఉంది. ఏం చేయాలి?

రెండు చోట్లే ఉండండి. చలికాలంలో క్యాండీ, గాల్. ఎండాకాలంలో సిగిరియా, క్యాండీ. ఎల్ల రైలు కోసం ఆశపడకండి, దాని కోసం ఒక పగలంతా పెట్టాలి.

మ్యాప్‌లో 90 కిలోమీటర్లే ఉంది, మూడు గంటలు ఎందుకు?

ఎక్స్‌ప్రెస్‌వేలు తప్ప మిగతావన్నీ ఊళ్ల మధ్యలోంచి పోయే రెండు వరుసల రోడ్లు. ముందు బస్సు, దాని ముందు ట్రాక్టరు, స్కూలు వదిలే వేళ పిల్లలు. కొండల్లో అయితే మలుపు మీద మలుపు. సిగిరియా నుంచి క్యాండీ దాదాపు 90 కిలోమీటర్లు, మూడు గంటలు వేసుకోవాలి. మామూలు రోడ్ల మీద గంటకు ముప్ఫై, ముప్ఫై అయిదు కిలోమీటర్లు అన్న లెక్కతో మీ ప్లాన్ ఒకసారి సరిచూసుకోండి. కిలోమీటర్లు కొట్టేసి గంటలు రాసుకుంటే ఏ రోజు బరువైందో వెంటనే కనిపిస్తుంది.

చీకటి పడ్డాక దూర ప్రయాణాలు వద్దు. సిగిరియా దగ్గరి హబరణ చుట్టుపక్కల సాయంత్రం వేళ ఏనుగులు రోడ్డు మీదికి వస్తాయి. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడవునా ఆరు, ఆరున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. రోజును పొద్దున ఆరింటికే మొదలుపెట్టేలా అమర్చుకోండి.

క్యాండీ నుంచి ఎల్ల రైలు నిజంగా అంత బాగుంటుందా? టికెట్ ఎలా?

బాగుంటుంది. కానీ ముందు రైలు నడుస్తోందో లేదో చూసుకోండి. 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుపానుకు కొండ ప్రాంతంలో భారీగా కొండచరియలు విరిగిపడ్డాయి, ఈ రైలు మార్గం కూడా బాగా దెబ్బతింది. భారీ వానలు పడ్డప్పుడల్లా ఈ లైన్‌లో కొంత భాగం మూసేయడం మామూలే. శ్రీలంక రైల్వే ప్రకటన చూసి, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకా నడుస్తోందో కనుక్కుని అప్పుడు బుక్ చేసుకోండి. మీరు బస చేసే హోటల్ వాళ్లకు ఫోన్ చేస్తే ఇంకా సరైన కబురు దొరుకుతుంది.

లైన్ మొత్తం నడిచే రోజుల్లో క్యాండీ నుంచి ఎల్ల ఆరేడు గంటలు. రిజర్వేషన్ ప్రయాణానికి 30 రోజుల ముందు తెరుస్తారు. పర్యాటకుల రద్దీ నెలల్లో సీట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. ఫస్ట్ క్లాస్ ఏసీ బోగీలో కిటికీలు తెరుచుకోవు, కాబట్టి నా ఓటు సెకండ్ క్లాస్ రిజర్వ్‌డ్ సీటుకే. కిటికీ అద్దం పైకెత్తితే టీ తోటల చల్లగాలి నేరుగా మొహానికి కొడుతుంది.

ఆరు గంటలు పిల్లలతో కష్టం అనుకుంటే క్యాండీ నుంచి నాను ఓయ దాకా కారులో వెళ్లి అక్కడ రైలెక్కండి. నువర ఎలియకు దగ్గరి స్టేషన్ అదే. అక్కడి నుంచి ఎల్ల సుమారు మూడు గంటలు, పైగా దారిలో చూడదగ్గ భాగమంతా ఇందులోనే వస్తుంది. పట్టిపొల ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్, 1,890 మీటర్లకు పైనే. అది దాటాక ఒక సొరంగం వస్తుంది, దాని అవతల ఒహియ. అప్పుడు కళ్లు కిటికీ మీదే ఉంచండి. చాలాసార్లు సొరంగానికి ఇటువైపు మబ్బు కమ్మి చినుకులు పడుతుంటే, అటువైపు తేరుకున్న ఆకాశం, కింద లోయంతా ఎండ కనిపిస్తాయి. రుతుపవనాలు కొండకు ఒక పక్కనే ఆగిపోతాయని పుస్తకంలో చదివింది అక్కడ కళ్లారా చూస్తారు.

తలుపు పట్టుకుని బయటికి వేలాడుతూ ఫొటోలు దిగేవాళ్లు కనిపిస్తారు. దయచేసి మీరు ఆ పని చేయకండి. సొరంగం గోడలు, పట్టాల పక్క కొమ్మలు బోగీకి చాలా దగ్గరగా పోతాయి, అలా పడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

కారు మాట్లాడుకోవాలా, బస్సుల్లో తిరగొచ్చా?

వారం ట్రిప్పుకు, అందులోనూ కుటుంబంతో అయితే డ్రైవరుతో కారు మేలు. రైలెక్కిన రోజు మీ సామాను కారులోనే ఉంటుంది, డ్రైవరు రోడ్డు మీద వచ్చి ఎల్ల స్టేషన్ దగ్గర మిమ్మల్ని కలుస్తాడు. రోజు అద్దెలో పెట్రోలు, ఎక్స్‌ప్రెస్‌వే టోల్, డ్రైవరు భోజనం, పడక కలిసి ఉన్నాయా, రోజుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. చాలా హోటళ్లలో డ్రైవర్లకు వేరే గది ఉంటుంది, బుక్ చేసేటప్పుడే అడగండి. రోజంతా కొండ రోడ్డు తోలిన మనిషికి రాత్రి సరైన నిద్ర ఉండాలి, అది మీ భద్రత కూడా.

మసాలా తోట, రత్నాల దుకాణం, ఆయుర్వేద కేంద్రం అంటూ దారిలో ఆపుతారు. మీ కొనుగోలు మీద డ్రైవరుకు కమీషన్ ఉంటుంది. వద్దనుకుంటే మొదటి రోజే మర్యాదగా చెప్పేయండి, ఎవరూ నొచ్చుకోరు.

ఇద్దరు కుర్రవాళ్లు, వీపున సంచీ, చేతిలో తీరిక ఉంటే బస్సులు చాలా చవక. ఊళ్లో తిరగడానికి ఆటో. అక్కడ టుక్‌టుక్ అంటారు. కొలంబో, క్యాండీల్లో పిక్‌మీ యాప్‌లో పిలిస్తే బేరం గొడవ ఉండదు.

సిగిరియా పెద్దవాళ్లు ఎక్కగలరా?

దాదాపు 1,200 మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైదాకా వెళ్లాల్సిన పని లేదు. కింద ఉన్న నీటి తోటలే చాలా పెద్దవి, చదునైన దారి. 5వ శతాబ్దంలో కాశ్యపుడు కట్టించిన తోటల్లో ఫౌంటెన్లు వానాకాలంలో ఇప్పటికీ నీళ్లు చిమ్ముతాయి. దారి మధ్యలో ఉన్న పెద్ద సింహం పాదాల శిల్పం దాకా ఎక్కి అక్కడ కూర్చున్నా చాలావరకు చూసినట్టే. చివరి భాగం బండకు బిగించిన ఇనుప మెట్లు. ఎత్తంటే భయం ఉన్నవాళ్లకు కష్టం అక్కడే.

గేటు తెరిచే వేళకు అక్కడ ఉండండి. తొమ్మిది దాటితే బండ వేడెక్కుతుంది, మెట్ల మీద జనం వరుస కదలదు. గోడమీద బొమ్మలకు ఫొటోలు తీయనివ్వరు. పైన నిశ్శబ్దంగా ఉండమని బోర్డులు పెట్టారు, కందిరీగలు ఉన్నాయని. ఆ బోర్డును తేలిగ్గా తీసుకోకండి.

విదేశీయులకు టికెట్ 30 డాలర్లు, ఆపైన. సార్క్ దేశాల పౌరులకు చాలా చోట్ల తక్కువ ధర ఉంటుంది, దానికి అసలు పాస్‌పోర్టు చూపించాలి. హోటల్ లాకర్లో పెట్టి రాకండి. సిగిరియా బండను ఎదురుగా చూడాలనుంటే పక్కనే ఉన్న పిదురంగల ఎక్కండి, ఖర్చు చాలా తక్కువ. చివర బండరాళ్లు పట్టుకుని పాకాలి, అది కుర్రకారుకే.

రామాయణానికి సంబంధించిన చోట్లు చూడాలి. మొత్తం కవర్ అవుతాయా?

అన్నీ కావు. అవి దేశం నాలుగు మూలలా ఉన్నాయి. మీ దారిలో పడేవి చూడండి. కొండల ప్లాన్ అయితే నువర ఎలియ దగ్గర సీత ఎలియలో సీతమ్మ గుడి ఉంది. రోడ్డు పక్కనే, కింద వాగు పారుతుంటుంది, వాగు ఒడ్డు రాతి మీది గుంటలు హనుమంతుడి అడుగులని చెప్తారు. ఎల్ల నుంచి దిగేటప్పుడు రోడ్డు మీదే రావణ జలపాతం. తూర్పు ప్లాన్ అయితే త్రింకోమలిలో సముద్రం అంచున కొండ మీద కోనేశ్వరం. పాత గుడిని 17వ శతాబ్దంలో పోర్చుగీసులు కూలగొట్టారు, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. సాయంత్రం పూజ వేళకు వెళ్లి, గుడి వెనకవైపు నిలబడి సముద్రం చూడండి.

రామాయణం పక్కన పెడితే, తెలుగువాళ్లు క్యాండీలో తెలుసుకోవాల్సిన చరిత్ర ఒకటుంది. 1739 నుంచి 1815 దాకా ఆ రాజ్యాన్ని ఏలింది మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న కుటుంబం. మీరు సాయంత్రం నడిచే ఆ చెరువు తవ్వించింది ఆ వంశంలో చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు. బ్రిటిష్‌వాళ్లు ఆయన్ని 1815లో పట్టుకుని వేలూరు కోటకు తరలించారు, 1832లో అక్కడే కన్నుమూశాడు. గైడ్లు ఈ ముక్క ఎక్కువగా చెప్పరు, మీరే అడగండి.

సఫారీకి యాల మంచిదా, ఉడవలవె మంచిదా?

చిరుత కోసమే అయితే యాల. కానీ చిరుత కనిపిస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు, ఒకటి కనిపించిందంటే జీపులన్నీ అక్కడే గుమిగూడతాయి. యాలలో ఎక్కువమంది వెళ్లే భాగాన్ని ఏటా సాధారణంగా సెప్టెంబరు నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు. పిల్లలతో వెళ్తుంటే నేను ఉడవలవె చెప్తాను. ఏడాది పొడవునా ఏనుగులు కనిపిస్తాయి, ఎల్ల నుంచి సముద్రానికి దిగే దారికి దగ్గర. వేసవి ప్లాన్ వాళ్లకు ఈ రెండూ అక్కర్లేదు. సిగిరియా పక్కనే మిన్నేరియ పార్కు ఉంది. జులై నుంచి సెప్టెంబరు దాకా చెరువు నీళ్లు తగ్గి గడ్డి మొలిచే వేళ, చుట్టుపక్కల అడవుల్లోని ఏనుగులు వందల సంఖ్యలో అక్కడికి చేరతాయి.

ఏనుగు మీద ఎక్కి తిరిగే సవారీలు మాత్రం మానేయండి. అడవిలో స్వేచ్ఛగా తిరిగే గుంపును చూశాక ఆ గొలుసు ఎలాగూ చూడబుద్ధి కాదు.

సముద్రంలో దిగొచ్చా? తిమింగలాలు కనిపిస్తాయా?

మిరిస్స నుంచి నవంబరు, ఏప్రిల్ మధ్య తిమింగలాలు చూపించే పడవలు పొద్దున్నే బయల్దేరతాయి. నీలి తిమింగలం కూడా కనిపించే చోటు అది. కడుపులో తిప్పే వాళ్లు మాత్ర పడవ ఎక్కేముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. తిమింగలాల మీదికి పడవ తోలేవాళ్లను కాకుండా, దూరం పాటించేవాళ్లను ఎంచుకోండి.

ఈత విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. ఒడ్డున నిలబడి చూస్తే అలల మధ్య ఒకచోట అల విరగకుండా నీళ్లు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఈతకు మంచి చోటు అనుకుని అక్కడే దిగుతారు. నిజానికి ఒడ్డుకొచ్చిన నీళ్లు తిరిగి లోపలికి లాక్కుపోయే దారి చాలాసార్లు అదే. అందులో చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకండి, అలిసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రండి. ఎర్రజెండా ఉంటే దిగొద్దు.

మేం శాకాహారులం. తిండికి ఇబ్బందా?

ఇబ్బంది లేదు, జాగ్రత్త కావాలి. అన్నం, పప్పు, నాలుగైదు కూరలు, పప్పడం ఇదే అక్కడి మధ్యాహ్న భోజనం. పప్పులో కొబ్బరిపాలు పోస్తారు. లేత పనసకాయ కూర, బీట్‌రూట్ కూర, గొటుకొల ఆకుతో చేసే పచ్చి కొబ్బరి కలిపిన సలాడ్ అన్నీ మన నాలుకకు నచ్చేవే. పొద్దున, రాత్రి ఆప్పాలు, ఇడియాప్పాలు.

అసలు చిక్కు కొబ్బరి పచ్చడితో. పొల్ సంబోల్ అంటారు: తురిమిన కొబ్బరి, ఎండుమిర్చి, ఉల్లి, నిమ్మరసం. ఎర్రగా చూడ్డానికి మన పచ్చడిలాగే ఉంటుంది. కానీ చాలా ఇళ్లలో, హోటళ్లలో అందులో ఎండుచేప పొడి వేస్తారు. దాని పేరు ఉంబలకడ. ఒక్కోసారి కొబ్బరిపాల పులుసులో, ఆకుకూరలో కూడా వేస్తారు, అది వేస్తే మాంసాహారం అని వాళ్లకు తట్టదు. ‘వెజిటేరియన్’ అంటే చాలదు, ‘ఉంబలకడ వేయొద్దు’ అని పేరు పెట్టి చెప్పండి. వెంటనే అర్థమవుతుంది. తమిళం వచ్చిన వాళ్లు ఉంటే కొండల్లో, తూర్పున పని ఇంకా తేలిక. సైవ హోటళ్లు, అంటే శాకాహార హోటళ్లు, కూడా అక్కడ చాలానే ఉన్నాయి.

మట్టి మూకుడులో గేదె పెరుగు, దాని మీద జీలుగ నీరా కాచిన పాకం పోసి ఇస్తారు. దక్షిణ తీరానికి వెళ్లే దారిలో రోడ్డు పక్కన దుకాణాల్లో దొరుకుతుంది. తప్పకుండా తినండి.

డబ్బు ఎలా తీసుకెళ్లాలి?

శ్రీలంక రూపాయి వేరు. మన రూపాయికి అక్కడి రూపాయలు మూడుకు పైగా వస్తాయి, కాబట్టి ధర విని గాభరా పడకండి, ముందు మూడుతో భాగించండి. విమానాశ్రయంలో బ్యాంకు కౌంటర్ల దగ్గర కొంత మార్చుకుని రసీదు దాచుకోండి, మిగిలినవి తిరిగి మార్చుకునేటప్పుడు అడగొచ్చు. 2024 ఫిబ్రవరి నుంచి యూపీఐ కూడా మొదలైంది, కానీ దాని మీదే ఆధారపడొద్దు. జీపులకు, టుక్‌టుక్‌లకు, చిన్న దుకాణాలకు నగదే.

హోటల్ రేటు చూసేటప్పుడు పన్నులు కలిసి ఉన్నాయా అని చూడండి. పది శాతం సర్వీస్ చార్జీ, దాని మీద 18 శాతం వ్యాట్ విడిగా వేస్తే బిల్లు బాగా పెరుగుతుంది.

గుళ్లలో ఏం పాటించాలి?

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. చెప్పులు, టోపీ బయటే వదలాలి. మధ్యాహ్నం రాతి నేల కాలిపోతుంది కాబట్టి సాక్స్ వేసుకుంటే నయం. బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోవడం అక్కడ పెద్ద అపచారం. బుద్ధుడి పచ్చబొట్టు ఉందని 2014లో ఒక బ్రిటిష్ పర్యాటకురాలిని దేశం నుంచి పంపించేశారు. అలాంటి పచ్చబొట్టు ఉంటే కప్పుకోండి.

ప్రతి పౌర్ణమీ పోయా సెలవు. ఆ రోజు మద్యం అమ్మరు, గుళ్లు కిటకిటలాడతాయి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో వాళ్ల కొత్త సంవత్సరం, చాలా దుకాణాలు మూసి ఉంటాయి. జులై, ఆగస్టుల్లో క్యాండీలో ఎసల పెరహెర అనే పెద్ద ఊరేగింపు పండుగ జరిగే రోజుల్లో గదులు నెలల ముందే అయిపోతాయి. అది చూడాలనుంటే దాని చుట్టూనే ప్లాన్ కట్టండి.

దోమలు, జలగలు, ఎండ?

మలేరియా లేదు, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. డెంగీ ఉంది. ఆ దోమ పగలే కుడుతుంది, కాబట్టి పొద్దున్నే మందు రాసుకుని బయల్దేరండి. వానలు పడ్డాక కొండదారుల్లో జలగలు ఉంటాయి. ప్యాంటును సాక్స్ లోపలికి దోపి, చిన్న ఉప్పు పొట్లం జేబులో వేసుకుంటే చాలు. మబ్బు పట్టినా ఎండ చర్మాన్ని కాలుస్తుంది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే 1990కి ఫోన్ చేస్తే అంబులెన్స్ ఉచితంగా వస్తుంది. పోలీసులకు 119.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. పెద్దవాళ్లతో వెళ్తుంటే ఇందులో రెండో ఆలోచన వద్దు.

సిమ్, చార్జర్, బట్టలు?

సిమ్ విమానాశ్రయంలోనే దొరుకుతుంది. ప్లగ్గులు ఒక్కో హోటల్లో ఒక్కో రకం, అడాప్టర్ పెట్టుకోండి. టైమ్ మనదే. నూలు బట్టలు, ఒక గొడుగు, నువర ఎలియలో ఉంటే స్వెటర్. జనవరి రాత్రుల్లో అక్కడ పది డిగ్రీల కిందికి దిగుతుంది.

ప్లాన్ అంతా అయ్యాక వాన పట్టుకుంటే?

ఉష్ణమండలంలో వాన చాలాసార్లు మధ్యాహ్నం తర్వాతే కురుస్తుంది. కొండ ఎక్కడం, సఫారీ, పడవ లాంటివన్నీ పొద్దున పెట్టి, మధ్యాహ్నానికి టీ ఫ్యాక్టరీ, మ్యూజియం, గాల్ కోట లోపల వీధులు లాంటివి ఉంచుకోండి. ప్రతి ఊళ్లోనూ రెండో రోజు సగం ఖాళీగా ఉంచమని నేను చెప్పేది ఇందుకే. మొదటి రోజు కురిస్తే రెండో రోజుకు జరుపుకోవచ్చు. రోజుకో ఊరు అయితే ఆ వీలే ఉండదు. కొండల్లో వరసగా రెండు రోజులు కుండపోత పడితే, కొండచరియల హెచ్చరిక ఉంటే, ఎల్ల బుకింగ్ డబ్బులు పోయినా సరే దిగిపోయి తీరానికి వెళ్లండి. అందుకే కొండల్లో గది బుక్ చేసేటప్పుడు ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నదే తీసుకోవాలి.

చివరి రాత్రి కొలంబోలో ఉండాలా?

విమానం మధ్యాహ్నం తర్వాత అయితే అక్కర్లేదు, గాల్ నుంచో క్యాండీ నుంచో నేరుగా రావచ్చు. తెల్లవారుజామున అయితే నెగొంబోలో పడుకోండి, విమానాశ్రయం పక్కనే, సాయంత్రం బీచ్ కూడా దొరుకుతుంది. కొలంబో షాపింగ్ కావాలనుకుంటే ఒక పూట చాలు: పెట్టా బజారు, గాల్ ఫేస్ గ్రీన్ మీద సాయంత్రం, ఆపైన ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటలోపు విమానాశ్రయం. క్యాండీ నుంచి వచ్చే దారికి మాత్రం ఎక్స్‌ప్రెస్‌వేని లెక్కలో వేసుకోకండి, ఐదు గంటల ముందు బయల్దేరండి.